రింగు చివరి కేబుల్ పెట్టే ముందు

అంబత్తూరు, చెన్నై

అమ్మలూ,

బెంగళూరు పీణ్యలో కొత్త లైనుకి నెట్‌వర్క్ అంతా నువ్వే వేస్తున్నావనీ, శని ఆదివారాల షట్‌డౌన్‌లోనే ముగించాలనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఫోన్ పెట్టేశాక నిద్ర మాత్రం పట్టలేదు. నువ్వు వేళకి తింటున్నావో లేదోనని మీ అమ్మ బెంగ. నాకేమో ఆ ప్యానెల్లో ఎవరో వేలాడదీసి వదిలేసే ప్యాచ్ కార్డ్ (పొట్టి కేబుల్) గురించి బెంగ. అది తర్వాత చెబుతాను.

నీకు తెలిసినవే ముందు కానిచ్చేస్తాను. రాగి కేబుల్ స్విచ్ (నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే పెట్టె) నుంచి పరికరం దాకా 100 మీటర్లు దాటకూడదు. అందులో ట్రేలో పోయేది 90, రెండు చివర్ల ప్యాచ్ కార్డులకి 10. షెడ్డు అవతలి కొస అంతకన్నా దూరమైతే ఫైబర్ వేసెయ్. నూనె, నీళ్లు పడే చోట మామూలు ఆర్‌జె45 ప్లగ్గు వద్దు, మరతో బిగించే ఎం12 పెట్టు. డి-కోడ్‌కి నాలుగు పిన్నులు, 100 మెగాబిట్లు. ఎక్స్-కోడ్‌కి ఎనిమిది, గిగాబిట్. అక్కడి ఎస్‌పీ రోడ్డులో కేబుల్ కొనాల్సి వస్తే, ఇక్కడ రిచీ స్ట్రీట్‌లో చూసుకున్నట్టే, తీగ కొసని బ్లేడుతో గీకి చూడు. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా తేలితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ఎంత చవకైనా తీసుకోకు.

డ్రైవ్ (మోటారు వేగాన్ని నడిపే పెట్టె) నుంచి మోటారుకి వెళ్లే పవర్ కేబుల్ పక్కన ఈథర్నెట్ కేబుల్ పరవకు. కనీసం జానెడు ఎడం ఉంచు. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబంగా దాటించు. షీల్డుని తీగలా మెలిపెట్టి ఒక స్క్రూకి బిగించడం చాలామందికి అలవాటు. అలా చేస్తే షీల్డు ఉన్నా లేనట్టే. అది కనెక్టర్ లోహపు తొడుక్కి చుట్టూ అంటుకుని ఉండాలి.

స్పీడ్ సెట్టింగు విషయంలో ఒక్క మాట. ఒక వైపు చేత్తో 100 ఫుల్ డ్యూప్లెక్స్ (ఒకేసారి రెండు వైపులా మాట్లాడుకోవడం) బిగించి, రెండో వైపు ఆటోలో వదిలేస్తే, ఆటో వైపు వేగం కనిపెట్టగలదు గానీ డ్యూప్లెక్స్ కనిపెట్టలేదు. హాఫ్‌లోకి, అంటే ఒకసారికి ఒక వైపే మాట్లాడే పద్ధతిలోకి దిగిపోతుంది. పింగ్ (ఉన్నావా అనే పలకరింపు) కొడితే బాగానే వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. లోడు పెరిగాక ఫ్రేములు (డేటా ముక్కలు) రాలిపోతుంటాయి. రెండు వైపులా ఆటో, లేదా రెండు వైపులా ఫిక్స్. సగం సగం వద్దు.

ఇక నా బెంగ సంగతి. స్విచ్ ఎలా నేర్చుకుంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఫ్రేము ఏ పోర్టులోంచి వచ్చిందో చూసి, పంపినవాడి మ్యాక్ చిరునామాని (పరికరానికి పుట్టుకతో వచ్చే నంబరుని) ఆ పోర్టు పేర రాసుకుంటుంది. చేరాల్సిన చిరునామా పట్టికలో ఉంటే ఆ పోర్టుకే పంపుతుంది. లేకపోతే వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ పంపుతుంది. బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వేసే కేక) అయితే ఎప్పుడూ అన్నిటికీ. దారి ఒక్కటే ఉన్నంతకాలం ఇదంతా చక్కగా సాగుతుంది.

ఇప్పుడు ప్యానెల్ మూల ఐదు పోర్టుల, సెట్టింగులేవీ లేని అన్‌మేనేజ్డ్ స్విచ్ ఒకటుందనుకో. నైట్ షిఫ్ట్ మెయింటెనెన్స్ అబ్బాయి ల్యాప్‌టాప్ తగిలించి పని చూసుకుంటాడు. వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ పీకేస్తాడు, కార్డ్ రెండో కొస వేలాడుతూ ఉంటుంది. శుభ్రంగా ఉండాలనుకునే మనిషి వచ్చి దాన్ని ఖాళీ పోర్టులోకి నొక్కేస్తాడు. క్లిక్‌మంటుంది. రెండు కొసలూ ఒకే స్విచ్‌లో, అదే లూపు. ఏదో పరికరం ‘ఈ ఐపీ ఎవరిది?’ అని ఒక ఏఆర్‌పీ ప్రశ్న వేస్తుంది. అది ఒక పోర్టులోంచి పోయి ఇంకో పోర్టులోంచి తిరిగొస్తుంది, మళ్లీ అన్నిటికీ పోతుంది. ఐపీ ప్యాకెట్‌కైతే ఆయుష్షు లెక్కపెట్టే టీటీఎల్ ఉంది. ఈథర్నెట్ ఫ్రేముకి అలాంటిదేదీ లేదు, తనంతట తాను చావదు. 64 బైట్ల ఫ్రేములైతే 100 మెగాబిట్ లింకు మీద సెకనుకి 1,48,809 దాకా తిరుగుతాయి. బ్రాడ్‌కాస్ట్ గనక ఒక్కోదాన్నీ పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపే కంప్యూటర్) అందుకుని చూడాల్సిందే. రిమోట్ ఐఓకి (దూరంగా సెన్సర్ల తీగలు కలిసే స్టేషన్‌కి) 4 మిల్లీసెకన్ల అప్‌డేట్ ఇచ్చి, మూడు తప్పితే పడిపోయేలా పెట్టావనుకో, 12 మిల్లీసెకన్ల మౌనం చాలు, స్టేషన్ పడిపోతుంది.

అప్పుడు హెచ్ఎంఐ (ఆపరేటర్ చూసే తెర) నిండా డ్రైవ్ ఫాల్టులే కనిపిస్తాయి. డ్రైవ్ మారుస్తారు, సర్క్యూట్ కార్డు మారుస్తారు. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే కొన్ని సెకన్లు బాగుంటుంది, మొదటి బ్రాడ్‌కాస్ట్ రాగానే మళ్లీ మొదలు. ఒక షిఫ్టు మొత్తం అలా పోతుంది. నువ్వు మాత్రం ముందు పోర్టుల లైట్లు చూడు. మెషీన్ ఆగి ఉన్నా అన్నీ ఒకే లయలో, ఆరకుండా కొట్టుకుంటుంటే అది లూపే. స్విచ్‌ల మధ్య లింకులు ఒక్కొక్కటే పీకు. ఏది పీకితే ఇవతల లైట్లు నెమ్మదిస్తాయో ఆ కేబుల్ వెంబడి నడువు.

అసలు రానివ్వకుండా ఉండాలంటే సెట్టింగులు మార్చుకోగల మేనేజ్డ్ స్విచ్‌లే పెట్టించు. డబ్బు ఎక్కువని కొనుగోలు వాళ్లు గొణిగితే గొణగనీ. వాడని పోర్టులన్నీ డిసేబుల్ చెయ్. పరికరాల పోర్టుల మీద బీపీడీయూ గార్డ్ (లూపు పట్టుకోవడానికి స్విచ్‌లు పంపే బీపీడీయూ కబురు అక్కడికి వస్తే ఆ పోర్టుని మూసేది) పెట్టు. కొన్ని చవక స్విచ్‌లు ఆ బీపీడీయూని ముందుకు పోనివ్వకుండా మింగేస్తాయి కాబట్టి స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్టులు హద్దు దాటితే ఆపేది) కూడా పెట్టు. రెండూ ఉండాలి.

నువ్వు రింగు వేస్తున్నావట. రింగంటే తెలిసి వేసే లూపే కదా! ఎంఆర్‌పీ (రింగులో ఒక దారి మూసి ఉంచి, ఎక్కడైనా తెగితే దాన్ని తెరిచే పద్ధతి) అయితే మేనేజరు కచ్చితంగా ఒక్కటే ఉండాలి. మిగతావన్నీ క్లయింట్లు. అన్ని స్విచ్‌లలో ఆ సెట్టింగు ఎక్కించి, సేవ్ చేసి, ఒకసారి ఆపి మళ్లీ వేసి చూసుకున్నాకే రింగు మూసే చివరి కేబుల్ పెట్టు. ఆత్రపడి ముందే పెట్టకు, నామీద ఒట్టు. 50 స్విచ్‌ల దాకా రింగు తెగితే 200 మిల్లీసెకన్లలోపు దారి మారుతుంది. లూపుల్ని అడ్డుకునే పాత పద్ధతి స్పానింగ్ ట్రీకి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. అయినా ఇందాకటి 12 మిల్లీసెకన్ల వాచ్‌డాగ్‌తో (అంతసేపు కబురు రాకపోతే పడగొట్టే గడువుతో) ఈ 200 కూడా ఎక్కువే. రింగు నిలబడినా స్టేషన్ పడిపోతుంది. ప్రాసెస్ ఒప్పుకునే చోట వాచ్‌డాగ్‌ని 200 దాటించు. తర్వాత లైను నడుస్తుండగానే, ప్రొడక్షన్ వాళ్లని పక్కన నిలబెట్టుకుని, ఒక కేబుల్ పీకి చూపించు.

ఆఫీసు కంప్యూటర్లు, కెమెరాలు కూడా అదే స్విచ్‌లో పెట్టమని ఎవరో ఒకరు అడుగుతారు. వీలాన్ (ఒకే స్విచ్‌లో వేరుగా ఉంచే నెట్‌వర్క్) విడదీయకుండా ఒప్పుకోకు. మొహమాటం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇంకొకటి. చిన్న డేటా కేబులే కదా అని రాత్రి పూట ఒక్కదానివే ప్యానెల్ తెరవకు. 24 వోల్టుల స్విచ్ పక్కనే 415 వోల్టులు ఉంటాయి. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకో. డ్రైవ్ మూత మీద ఎన్ని నిమిషాలు ఆగమని రాసి ఉందో అన్ని నిమిషాలూ ఆగు. ఈ విషయంలో పెదనాన్న చాదస్తం అనుకున్నా పరవాలేదు తల్లీ.

ప్రతి కేబుల్‌కీ రెండు కొసలా ఒకే నంబరు వెయ్. పోర్టుల పట్టిక ప్రింటు తీసి ప్యానెల్ తలుపు లోపల అంటించు. ఆదివారం రాత్రి లైను ఎక్కాక ఎర్రర్ కౌంటర్లన్నీ సున్నా చేసి పడుకో. సోమవారం పొద్దున మళ్లీ చూడు. ఏ పోర్టులోనైనా సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిన ఫ్రేముల లెక్క) పెరిగి ఉంటే ఆ కేబుల్ నంబరు, అది ఏ ట్రేలో పోతోందో నాకు పంపు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే రాత్రి రెండింటికైనా ఫోన్ చెయ్. ఆ రెండు రాత్రులూ ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న