గిన్నిస్ స్టోర్‌హౌస్‌కి పదిహేడేళ్ల మనవడితో వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జులైలో నేనూ, మావారూ వెళ్తున్నాం. మా అమ్మాయి కొడుకు, 17 ఏళ్లవాణ్ని కూడా వెంట తీసుకెళ్తున్నాం. గిన్నిస్ బీరు పుట్టిన చోటు చూడాలని మావారికి ఎప్పట్నుంచో కోరిక. మైనర్‌ని అలాంటి చోటికి తీసుకెళ్తే కేసవుతుందా? టికెట్లు ఇప్పుడే కొంటే, వీసా ఆలస్యమైతే డబ్బు వెనక్కి ఇస్తారా? మర్నాడు బస్సులో ఉత్తర ఐర్లండ్ కూడా చూసొద్దామంటున్నాడు అబ్బాయి. తిరిగొచ్చేటప్పుడు తమ్ముళ్లకీ, స్నేహితులకీ డజను గిన్నిస్ డబ్బాలు తేవాలని మావారి పట్టు. హైదరాబాద్‌లో దిగి కారులో గుంటూరు చేరాలి. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు ఎక్కువగా భయపడుతున్నది మనవడి గురించి. అందులో పెద్ద చిక్కేమీ లేదు. చిక్కల్లా ఆ బస్సుతోనూ, మీవారి సూట్‌కేసుతోనూ ఉంది.

ముందు మనవడి సంగతి. డబ్లిన్‌లోని సెయింట్ జేమ్స్ గేట్ దగ్గరున్న గిన్నిస్ స్టోర్‌హౌస్‌ని బార్ అనుకోకండి. ఒకప్పుడు బీరు పులియబెట్టిన భవనాన్ని 2000లో ఏడంతస్తుల ప్రదర్శనశాలగా తీర్చిదిద్దారు. పెద్దవాళ్లు వెంట ఉంటే పిల్లల్ని లోపలికి రానిస్తారు. పెద్దల టికెట్‌లో ఒక పైంట్ (అరలీటరు పైచిలుకు) బీరు కలిసే ఉంటుంది, 18 నిండనివాళ్లకి కూల్‌డ్రింక్ ఇస్తారు. కాబట్టి లోపలికి వెళ్లినందుకు కేసూ లేదు, గీసూ లేదు.

అసలు జాగ్రత్త పై అంతస్తులో పడాలి. అక్కడి గ్రావిటీ బార్‌లో చుట్టూ అద్దాలు, అద్దాల్లోంచి ఊరంతా కనబడుతుంది. మీవారి చేతిలో నురగ గ్లాసు. పక్కన మనవడు. ‘ఒక్క గుక్కేగా తాతయ్యా’ అంటాడు. అప్పుడు తాతయ్య కరగకూడదు. ఐర్లండ్‌లో తాగే వయసు 18. అంతకన్నా చిన్నవాళ్ల కోసం మద్యం కొనడం, వాళ్ల చేతికి అందించడం అక్కడి 1988 నాటి మద్యం చట్టం కింద నేరం. అమ్మానాన్నల అనుమతితో ప్రైవేటు నివాసంలో ఇచ్చిన సందర్భానికి మినహాయింపు ఉంది గానీ, అది బార్‌కి వర్తించదు. తాతయ్య అమ్మానాన్నల లెక్కలోకీ రాడు. మన రాష్ట్రంలో అయితే వాడు 21 దాకా ఆగాలి, అది వేరే సంగతి.

మనవడి విషయంలో మీరు మరిచిపోయినది వేరొకటి ఉంది: వీసా. అమ్మానాన్నలు లేకుండా మైనర్ ప్రయాణం చేస్తే ఇద్దరూ సంతకం పెట్టిన సమ్మతి పత్రం, వాళ్ల పాస్‌పోర్టుల నకళ్లు, పిల్లాడి జనన ధృవీకరణ పత్రం అడుగుతారు. ఆ పత్రాన్ని నోటరీ చేయించి, ఒక కాపీ మీ చేతిసంచిలో పెట్టుకోండి. డబ్లిన్ ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర కూడా ‘అమ్మానాన్నలేరీ’ అని అడగవచ్చు. ఇంకో మాట. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా, ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో లేదు. పారిస్ చూసొచ్చిన షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు.

టికెట్ల సంగతి ఒక్క మాటలో చెప్తాను. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుని 14 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చన్న ఐరోపా నియమం, ఫలానా తేదీకి కట్టిన వినోద కార్యక్రమాల టికెట్లకి వర్తించదు. అంటే కొన్నప్పుడు ఏ షరతులకి ఒప్పుకున్నారో అవే దిక్కు. తేదీ మార్చుకునే వెసులుబాటు ఉందో లేదో చదివి, వీసా వచ్చాకే కొనండి. మన దేశంలోని ట్రావెల్ ఏజెన్సీ ‘డబ్బు తప్పక వాపసు’ అని రాసిచ్చి తర్వాత చేతులెత్తేస్తే మాత్రం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు.

ఇక బస్సు. ఉత్తర ఐర్లండ్‌లోని జెయింట్స్ కాజ్‌వే అనే సముద్రతీరపు రాతి స్తంభాలు, బెల్ఫాస్ట్ నగరం చూపించే ఒక్కరోజు యాత్రలు డబ్లిన్ నుంచి బోలెడు. దారిలో చెక్‌పోస్టు ఉండదు, గేటు ఉండదు. రోడ్డు పక్కన వేగపరిమితి బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్లు వస్తే సరిహద్దు దాటామని తెలుస్తుంది, అంతే. కానీ మీరప్పుడు యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉన్నట్టు. కంచె లేదని పక్కవాడి చేలో దిగితే చేను మనదైపోదు కదా. మీ ఐరిష్ వీసా మీద ‘బి.ఐ.వి.ఎస్.’ అనే అక్షరాలున్నాయేమో చూడండి. భారతీయులకి ఉన్న బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం గుర్తు అది. ఉంటే, ఐర్లండ్‌లో దిగి ఇమిగ్రేషన్ పూర్తయ్యాక అదే వీసాతో బెల్ఫాస్ట్ వెళ్లొచ్చు. లేకపోతే బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి. ‘మా ఫ్రెండ్స్ అందరూ వెళ్లొచ్చారు, ఎవడూ అడగలేదు’ అని మీ అబ్బాయి అంటాడు. నిజమే అయి ఉండొచ్చు. అడిగిన రోజున మాత్రం దాని మచ్చ మీ తర్వాతి వీసా దరఖాస్తులన్నిటి మీదా పడుతుంది.

స్టోర్‌హౌస్‌కి వెళ్లినప్పుడు కింది అంతస్తులో నేలకేసి చూడండి. గాజు కింద ఒక లీజు దస్తావేజు ఉంటుంది. 1759లో ఆర్థర్ గిన్నిస్ ఏడాదికి 45 పౌండ్ల అద్దెకి, 9,000 ఏళ్లకి రాయించుకున్నది. మా వకీళ్లకి బీరు కన్నా అదే ఎక్కువ కిక్కు. 99 ఏళ్ల లీజుకే మన దగ్గర మూడు తరాలు కోర్టుల చుట్టూ తిరుగుతాయి! తర్వాత కంపెనీ ఆ స్థలాన్నే కొనేసింది కాబట్టి ఇప్పుడది అలంకారమే. మన ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 111 కూడా అదే చెప్తుంది: అద్దెదారే యజమాని అయితే లీజు ముగిసినట్టే.

వెళ్లేటప్పుడు కారు వద్దు. ఐర్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి 50 మిల్లీగ్రాములు, కొత్త లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండనివాళ్లకి 20. మన లైసెన్సుని అక్కడ మార్చి ఇవ్వరు కాబట్టి మీ అబ్బాయి మొదట్నుంచీ పరీక్షలు రాసి తీసుకుని ఉంటాడు, బహుశా ఆ 20లోనే ఉంటాడు. లువాస్ ట్రామ్ ఎరుపు లైన్‌లో జేమ్సెస్ స్టాప్‌లో దిగితే అక్కడి నుంచి నడిచి వెళ్లొచ్చు.

డబ్బాల లెక్కకి వద్దాం. మన బ్యాగేజీ నియమాల ప్రకారం ఒక ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగల మద్యం 2 లీటర్లు. బీరైనా, విస్కీ అయినా అంతే. అరలీటరు డబ్బాలైతే మనిషికి నాలుగు. డజను అంటే 6 లీటర్లు, మీ ఇద్దరి వాటా కలిపినా ఎనిమిది డబ్బాలే. ఒకరి పెట్టెలో ఎనిమిదీ పెట్టి ‘ఇవి మా ఆవిడవి’ అంటే కుదరదు, ఎవరివి వాళ్ల పెట్టెలోనే ఉండాలి. మనవడి సంచిలో మిగతా నాలుగు సర్దే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. పరిమితి దాటితే శంషాబాద్‌లో రెడ్ ఛానల్‌కి వెళ్లి చెప్పాలి, సుంకం గట్టిగానే పడుతుంది. చెప్పకుండా గ్రీన్ ఛానల్‌లో నడిచి దొరికితే కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు, పైన జరిమానా.

కస్టమ్స్ దాటాక అయిపోయిందనుకోకండి. మద్యం దగ్గర ఉంచుకోవడం, తరలించడం రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కిందికి వస్తాయి. తెలంగాణ దాటి ఆంధ్రలోకి వచ్చే చోట గరికపాడు చెక్‌పోస్టులో కారు ఆపితే, రాష్ట్రంలో సుంకం కట్టని సరుకుగానే అనుమానిస్తారు. మనిషి దగ్గర ఎంత ఉండొచ్చన్నది జీవోలతో మారుతుంటుంది కాబట్టి, బయల్దేరే ముందు గుంటూరు ఎక్సైజ్ స్టేషన్‌లో కనుక్కోండి. కొన్న బిల్లు, బోర్డింగ్ పాస్‌లు, దిగిన ముద్ర ఉన్న పాస్‌పోర్టు చేతికందేలా ఉంచండి. సూట్‌కేసు అడుగున కాదు. తమ్ముళ్లకి ఊరికే ఇవ్వొచ్చు, ‘ఖర్చులకి’ అని రూపాయి కూడా తీసుకోవద్దు. అది అమ్మకం అవుతుంది.

నన్నడిగితే, మనిషికి నాలుగు కూడా ఎందుకు? ఇద్దరికీ కలిపి నాలుగు చాలు. మిగతావాళ్లకి అక్కడి దుకాణంలో గిన్నిస్ గ్లాసులు కొనండి, వాటిని ఏ ఎక్సైజ్ వాళ్లూ పట్టించుకోరు. పైగా 2024 నుంచి ఐర్లండ్‌లో ఒక్కో అరలీటరు డబ్బాకీ 15 సెంట్ల డిపాజిట్ కడుతున్నారు, ఖాళీ డబ్బా మెషిన్‌లో వేస్తేనే అది వెనక్కి వస్తుంది. ఆ మెషిన్ గుంటూరులో లేదు.