కాలిన రెసిస్టర్ స్థానంలో ఏది వేయాలి?

ప్రశ్న: సార్, మిర్యాలగూడ దగ్గర చిన్న రిపేరు షాపు నడుపుతున్నాను. అడాప్టర్ బోర్డుల్లో కరెంటు వచ్చే మొదట్లో ఉండే 10 ఓమ్‌ల రెసిస్టర్ కాలిపోయి వస్తోంది. పావు వాట్‌ది వేస్తే ఆన్ చేయగానే పొగొచ్చింది. 5 వాట్‌ది వేయనా?

జవాబు: వద్దండీ. అక్కడ ఉండాల్సింది ఫ్యూజబుల్ రెసిస్టర్, అంటే రెసిస్టర్, ఫ్యూజు రెండు పనులూ చేసేది. నడుస్తున్నప్పుడు 0.1 ఆంపియర్ అనుకుంటే దానిలో పుట్టే వేడి 0.1 వాటే, అందుకే పావు వాట్ చాలనిపిస్తుంది. కానీ స్విచ్ వేసిన క్షణంలో కెపాసిటర్ (చార్జి నిల్వ చేసే భాగం) ఖాళీగా ఉంటుంది, 230 వోల్టుల సప్లై శిఖరం 325 వోల్టులు, అంటే 10 ఓమ్‌ల గుండా ఒక్క క్షణం 30 ఆంపియర్లు దాటొచ్చు. ఆ దెబ్బను మామూలు పావు వాట్ రెసిస్టర్‌లోని పల్చటి కార్బన్ పొర ఓర్చుకోలేదు, తీగ చుట్టిన రకం (వైర్‌వౌండ్) ఓర్చుకుంటుంది. మామూలు 5 వాట్ సిమెంటు రెసిస్టరేమో లోపం వచ్చినప్పుడు త్వరగా తెగకుండా కాగి, కింద బోర్డునే మాడుస్తుంది. పాతదాని విలువ, వాట్ చూసి (ఎక్కువగా 1 లేదా 2 వాట్) మంటంటుకోని ఫ్యూజబుల్ వైర్‌వౌండ్ అని అడిగి తీసుకోండి, బోర్డుకు కాస్త ఎత్తులో నిలబెట్టి టంకం వేయండి.

ఇంకో మాట, అది ఊరికే కాలదు. కెపాసిటర్‌లో చార్జి లేదని చూసుకుని బ్రిడ్జి డయోడ్లు (ఏసీని డీసీగా మార్చేవి), స్విచింగ్ ఐసీ (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసే చిప్) షార్ట్ అయ్యాయేమో మీటరుతో చూడండి, మొదటిసారి 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో (సప్లై కరెంటు దాని గుండానే బోర్డుకు వెళ్లేలా) పెట్టే ఆన్ చేయండి. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా లోపలే ఉంది.