ఎన్నారై సందేహాలు: ఈత రాదు, కాడో లేక్‌లో పడవ నడపొచ్చా?

ప్రశ్న: డాలస్ వచ్చి మూడు నెలలైంది. నవంబరులో కాడో లేక్‌కి వెళ్దామని మిత్రులు అంటున్నారు. మా ఇద్దరికీ ఈత రాదు. పాపకు ఏడేళ్ళు. అక్కడ మొసళ్ళు ఉంటాయట కదండీ?

జవాబు: నిక్షేపంగా వెళ్ళండి. ఎలిగేటర్లు (మొసలి జాతివే) ఉన్న మాట నిజమే. నవంబరు చలికి అవి పెద్దగా కదలవు. దగ్గరికి పోకుండా, తిండి వేయకుండా ఉంటే చాలు. అక్కడ అసలు జాగ్రత్త పడాల్సింది దారి తప్పకుండా.

టెక్సస్, లూసియానా సరిహద్దులో వేల ఎకరాల నీళ్ళు, ఆ నీళ్ళలోనే సైప్రస్ చెట్లు. ఏ మలుపు చూసినా ఒకేలా ఉంటుంది. పడవలు తిరిగే దారుల వెంట అంకెలున్న గుంజలు పాతారు. దాటిన ప్రతి అంకె రాసుకోండి. సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాప్ ముందే దించుకోండి, ఒక కాగితం ప్రతి కూడా ఉంచుకోండి.

మొదటిసారికి కార్నాక్ దగ్గరి స్టేట్ పార్కులో కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) అద్దెకు తీసుకుని, పక్కనే ఉన్న సా మిల్ పాండ్ అనే చెరువులో తిరగండి. బిగ్ సైప్రస్ బయూ అనే ఏటిలోకి వెళ్తే ముందు ఎదురు ప్రవాహంలో వెళ్ళండి, అలసిపోయాక తిరుగు ప్రయాణం తేలికవుతుంది. ఎగువన లేక్ ఓ ద పైన్స్ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే ప్రవాహం పెరుగుతుంది. ఆ రోజు పొద్దున్నే పార్కు ఆఫీసులో అడగండి.

బరువెక్కువున్నవారు వెనక కూర్చుని దిక్కు చూడాలి, ముందున్నవారు వరసగా తెడ్డు వేయాలి, పాప మధ్యలో అడుగున కూర్చోవాలి. ఈ పంపకం ఒడ్డునే తేల్చుకోకపోతే నీళ్ళలో గొడవ ఖాయం! ఎవరూ లేచి నిలబడొద్దు.

టెక్సస్‌లో 13 ఏళ్ళలోపు పిల్లలు కదిలే చిన్న పడవలో లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. పెద్దలకు తలా ఒకటి అందుబాటులో ఉంటే చట్టానికి చాలు, ఈత రానివారికి చాలదు. మీరూ వేసుకోండి. పాపకు వయసు చూసి కాదు, లేబుల్ మీద బరువు చూసి తీసుకోండి. పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. చెవులదాకా లేస్తే అది పనికిరాదు. పడవలో ఒక ఈల ఉండాలి. జీన్స్, చున్నీ, హవాయి చెప్పులు వద్దు. తడిసిన జీన్స్ ఆరదు, చలి పట్టుకుంటుంది.

ప్రవాహం పడవను అడ్డంగా చెట్టుకేసి తోస్తే అందరూ వెనక్కి ఒరుగుతారు. అక్కడే బోల్తా పడేది: ప్రవాహం వచ్చే వైపు అంచు మునిగి నీళ్ళు లోపలికొస్తాయి. చెట్టు వైపే ఒరగాలి. తిరగబడితే పడవను వదలకండి, అది తేలుతుంది. మీరు పడవకు ఎగువ వైపున ఉండండి. దిగువన ఉంటే పడవకీ చెట్టుకీ మధ్య నలిగిపోతారు.

నవంబరులో బాతుల వేటగాళ్ళు తెల్లవారకముందే వస్తారు. మీరు పదయ్యాక బయల్దేరండి, ముదురు రంగు బట్టలు కాకుండా కొట్టొచ్చినట్టు కనిపించేవి వేసుకోండి.

మన చెరువుల్ని పట్టి పీడించే గుర్రపుడెక్క అక్కడా ఉంది. దానికంటే మొండిది జెయింట్ సాల్వీనియా అనే నీటి కలుపు. అనుకూలిస్తే వారం రోజుల్లో రెట్టింపవుతుంది. గాలికి కొట్టుకొచ్చి దారి మూసేస్తే దానిలోంచి దూరాలని చూడకండి, వెనక్కి తిరగండి. ఒడ్డుకొచ్చాక తెడ్లు, చెప్పులు, సంచులు దులిపి ఆరబెట్టండి. చిన్న ముక్క అంటుకుని వచ్చినా ఇంకో చెరువులో మొలుస్తుంది, దాన్ని తరలించడం టెక్సస్‌లో నేరం కూడా.