పిలుపుల జాబితా రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఉత్తరం అందింది. మీ భూవిజ్ఞాన శాఖ బ్యాచ్ చదువు ముగించి పాతికేళ్లయిందని, ఆంధ్ర విశ్వవిద్యాలయం వందేళ్ల పండుగ వేళ మీరూ అందరినీ పిలిచి సమ్మేళనం జరిపి, శాఖకు ఏదైనా చేయాలనుకుంటున్నారని రాశావు. కార్యదర్శి పని నీ నెత్తిన పెట్టారన్నావు. పెట్టరూ మరి, కాదనలేని మనిషివి.

తలకు ఎంత వసూలు చేయాలన్నది నీ మొదటి ప్రశ్న. దాన్ని ఆరు నెలలు పక్కన పెట్టు. మా బ్యాచ్ విషయంలో నేను చేసిన తప్పు అదే. ఫోనులో గ్రూపు పెట్టిన వారానికే ఇంత అని అంకె ప్రకటించాను. ఇరవై తొమ్మిది మందిలో ఆరుగురు నోరు విప్పకుండా తప్పుకున్నారు. గర్వమనుకున్నాను. వారిలో ఒకాయన రెండేళ్ల తర్వాత ఎదురుపడి చెప్పాడు, కూతురి పెళ్లి అప్పు తీరక ఆ అంకె చూడగానే ఫోను పక్కన పడేశాడట. బొర్రా గుహల దగ్గర క్యాంపులో నాకు జ్వరం వస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేసిన మనిషి అతను.

కాబట్టి ముందు మనుషుల్ని వెతుకు. డిగ్రీలు పుచ్చుకున్నవాళ్లతో జాబితా ఆపకు. మధ్యలో మానేసినవాళ్లు, సప్లిమెంటరీలు రాసి వేరే ఏడాది బయటపడ్డవాళ్లు కూడా మీవాళ్లే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిలు అంత సులువుగా దొరకరు. పుట్టింటి ఊరు గుర్తుంటే అక్కడ అన్ననో తమ్ముణ్నో పట్టుకో. మా బ్యాచ్‌లో ముగ్గురు అలాగే దొరికారు. రాయిని 30 మైక్రాన్ల మందానికి, అంటే వెలుగు దూరేంత పలుచగా అరగదీసి, సూక్ష్మదర్శినిలో చూసుకోమని మన చేతికిచ్చిన ల్యాబ్ అటెండరును మరిచిపోకు. ఆహ్వానం ఆయన ఇంటికి వెళ్లి ఇవ్వు.

గ్రూపులో సందేశం పడేస్తే పిలిచినట్టు కాదు. ఒక్కొక్కరికీ ఫోను చేయి, ఆదివారం పొద్దున పది దాటాక. ఏం ఉద్యోగమని అడగకు, ఊరూ ఆరోగ్యమూ అడుగు. ఎప్పుడైనా అవతల భార్యో కొడుకో ఎత్తి, ఆయన పోయి నాలుగేళ్లయిందండీ అంటారు. అప్పుడు సమ్మేళనం సంగతి ఎత్తవద్దు. వాళ్లు చెప్పింది విను. నెల తర్వాత మళ్లీ చేసి, రాగలిగితే రమ్మను. మా సమావేశానికి అలా ఒక ఇల్లాలు వచ్చింది. భర్త కుర్రతనం గురించి మేం చెప్పిన కబుర్లు ఆమెకు అన్నీ కొత్తవే.

ఇక శాఖకు మీ గుర్తుగా ఏం మిగల్చాలన్నది. రాతి కమాను కట్టించి పేర్లు చెక్కిద్దామని మీలో ఎవరో అన్నారట. నాకు నచ్చలేదు. మన దగ్గర పేర్లు లేనివి ఫొటోలు. విశ్వవిద్యాలయమే 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు కొండ మీదికి చేరి, యుద్ధకాలంలో గుంటూరు వెళ్లి తిరిగి వచ్చింది. ఇల్లు మారిన ప్రతిసారీ కాగితాలు పోతాయని మనలాంటి బదిలీ ఉద్యోగులకు చెప్పనక్కర్లేదు. ప్రతి ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో వరుసల వారీగా పేర్లు రాయించు. ఫీల్డు నోటుబుక్కులు సేకరించి స్కాను చేయించు. నా దాంట్లో బొర్రా పేజీకి చిల్లు ఉంది. సున్నపురాయి అవునో కాదో చూడాలని ఆమ్లం చుక్క వేయబోతే రాయి మీద సగం, పుస్తకం మీద సగం పడింది. రాయి బుసబుస పొంగింది, కాగితాన్ని ఆమ్లం మెల్లగా తినేసింది. పక్కనే మా మాస్టారి ఎర్ర సిరా: “రాతిని పరీక్షించుము, పుస్తకమును కాదు.” అలాంటి పేజీ చూస్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు, మనం వెళ్లిన దారినే ఆ రాళ్ల దగ్గరకూ వెళ్తారు.

డబ్బు పోగైతే ఆ పిల్లల ఫీల్డు ప్రయాణాలకు పెట్టండి. బస్సు ఛార్జీ లేక క్యాంపు మానుకునే విద్యార్థి ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉంటారు. అయిదు లక్షలు బ్యాంకులో వేస్తే ఏడు శాతం చొప్పున ఏడాదికి ముప్ఫై అయిదు వేలు వస్తాయి. అసలు సొమ్మును ముట్టుకోకూడదని ముందే రాసుకోండి. సొసైటీగా నమోదు చేయాలంటే ఏడుగురు సభ్యులు చాలు. ఖాతా ఒక్కడి పేరు మీద మాత్రం వద్దు, అది నువ్వయినా సరే.

అమెరికాలో ఉన్నవాళ్ల డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, మన సంతతే అయినా, విదేశీ విరాళమే. దానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఒక్క రూపాయి తీసుకునే ముందే ఆడిటర్‌ను కలువు.

మా బ్యాచ్ ఫొటో ఒకటి ఈ కవరులో పెడుతున్నాను. వెనక వరుసలో ఎడమ నుంచి నాలుగో మనిషి పేరు మాలో ఎవరికీ గుర్తు రావడం లేదు. చేతిలో సుత్తి ఉంది, ఎవరివో పెద్ద బూట్లు వేసుకున్నాడు. శాఖ పాత రిజిస్టర్లు చూడటానికి వెళ్తావు కదా, మా ఏడాది పేజీ కూడా ఒకసారి తిరగెయ్యి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య