టైర్లు పేర్చడం వేరు, టైర్ల గోడ కట్టడం వేరు

ప్రశ్న: చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో మలుపుల దగ్గర పాత టైర్లు పేర్చి ఉండటం చూశాను. ఒరగడం వైపు మా వాళ్లు కార్లకు చిన్న ట్రాక్ వేస్తున్నారు. పంచర్ షాపుల్లో దొరికే టైర్లు తెచ్చి తాడుతో కట్టేస్తే సరిపోదా?
– పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: సరిపోదండీ. గంటకు 100 కి.మీ. వేగంతో వచ్చిన కారు అర మీటరులో ఆగిపోతే లోపలి మనిషి మీద పడే దెబ్బ సగటున భూమ్యాకర్షణకు 79 రెట్లు. అదే మీటరున్నరలో ఆగితే 26 రెట్లే. టైర్ల గోడ చేసే పనల్లా ఆ అదనపు మీటరు ఇవ్వడమే. విడివిడిగా పేర్చిన టైర్లు ఆ మీటరు ఇవ్వవు. తగిలిన దొంతర ఒక్కటే పక్కకు జరిగిపోతుంది, కారు ముక్కు ఆ సందులో దూరి వెనకున్న గోడకు కొట్టుకుంటుంది. ఎగిరిన టైర్లు ట్రాక్ మీద పడి వెనక వచ్చేవాడికి గండం.

అన్నీ ఒకే సైజు కారు టైర్లు, రిమ్ములు లేనివి తీసుకోండి. 60 సెం.మీ. వ్యాసం టైర్లతో 10 మీటర్ల పొడవు, 3 వరసలు, 6 టైర్ల ఎత్తు కడితే 306 టైర్లు పడతాయి. పక్కదానికీ, వెనకదానికీ, పైదానికీ ఒక్కో బోల్టు వేసినా దాదాపు 750 బోల్టులు. పెద్ద వాషర్లు వెయ్యకపోతే దెబ్బకు బోల్టు తల రబ్బరును చీల్చుకుని వచ్చేస్తుంది. అందరూ పిసినారితనం చేసేది ఇక్కడే!

ముందువైపు కన్వేయర్ బెల్టు నేలను తాకేలా బిగించాలి. కింద సందు ఉంటే ముక్కు దూరుతుంది. బెల్టు అతుకు దగ్గర, కారు వచ్చే వైపు ముక్క ట్రాక్ వైపుకు, తర్వాతి ముక్క దాని వెనక ఉండాలి. తిరగేస్తే ఆ అంచే కారును పట్టేస్తుంది. టైర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తప్పనిసరి. ఐప్పసి, కార్తీక (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానలకు నీళ్లు నిలిస్తే గోడ బరువెక్కుతుంది, దోమలు సరేసరి.

ప్రశ్న: 2024లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ జరిగిన రాత్రి రేసులో ఎక్కువగా కాంక్రీటు దిమ్మెలే కనిపించాయి. అన్నిచోట్లా టైర్లు ఎందుకు పెట్టరు?
– పాఠకుడు, టి.నగర్

జవాబు: నేరుగా సాగే దారి పక్కన కారు ఏటవాలుగానే తగులుతుంది. 150 కి.మీ. వేగంలో 20 డిగ్రీల కోణంలో తగిలితే గోడవైపు వేగం 51 కి.మీ. మాత్రమే. నున్నటి కాంక్రీటు మీద కారు రాసుకుంటూ వేగం పోగొట్టుకుంటుంది. అక్కడ టైర్లుంటే చక్రం పట్టుకుని కారు గిర్రున తిరిగి ట్రాక్ మధ్యకొస్తుంది. టైర్లు కావలసింది కారు ఎదురుగా వెళ్లి గుద్దుకునే మలుపు చివర. దిమ్మెల విషయంలో చూడవలసింది అతుకులే. ఒక దిమ్మె ముఖం రెండు వేళ్లు ముందుకొచ్చినా అదే కారుకు మేకు.

ప్రశ్న: మరి ఇనుప రెయిలింగు?
– పాఠకుడు, పెరంబూరు

జవాబు: స్తంభాలు, బోల్టులు, కోణం మూడూ కుదిరితే మంచిదే. 2020 బహ్రెయిన్ ఫార్ములా వన్‌లో గ్రోజాన్ అనే డ్రైవరు కారు 192 కి.మీ. వేగంతో, 29 డిగ్రీల కోణంలో తగిలినప్పుడు మూడు పట్టాల రెయిలింగులో మధ్య పట్టా తెగి, కారు ముందుభాగం అవతలికి దూసుకుపోయింది. అందుకే ఎదురుగా తగిలే అవకాశమున్న చోట రెయిలింగు ముందు టైర్ల గోడ ఉండాలి. ప్రతి దెబ్బ తర్వాతా వంగిన పట్టాను సుత్తితో సరిచేయకుండా మార్చేయాలి. దాని పక్క స్తంభాల బోల్టులు కూడా విప్పి చూడాలి.