క్రిస్పర్ సెన్సర్లలో కెరీర్: జీన్ ఎడిటింగ్ ఒక్కటే చదివితే చాలా?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. హానికర బ్యాక్టీరియాను పట్టే క్రిస్పర్ బయోసెన్సర్ల సెన్సిటివిటీ (ఎంత తక్కువ ఉన్నా పట్టే శక్తి) పెంచే పరిశోధన చేయాలని ఉంది. ఎమ్మెస్సీలో జీన్ ఎడిటింగ్ తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. క్రిస్పర్‌కు పేరొచ్చింది జన్యువులను సవరించే పద్ధతిగానే అయినా, ఈ సెన్సర్లలో జన్యువును సవరించే పనే ఉండదు. ఏ డీఎన్‌ఏను వెతకాలో చెప్పే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క గైడ్ ఆర్‌ఎన్‌ఏ. అది చూపిన డీఎన్‌ఏ దొరకగానే, డీఎన్‌ఏను కత్తిరించే కాస్12ఎ ఎంజైము రెచ్చిపోయి, చుట్టూ ఉన్న ఒంటిపోగు డీఎన్‌ఏను కూడా కత్తిరిస్తుంది. అలా తెగితే వెలిగే రిపోర్టర్ డీఎన్‌ఏను ముందే కలిపి ఉంచుతారు. 2018లో వచ్చిన డిటెక్టర్ (DETECTR) అనే పరీక్ష పద్ధతికి ఆధారం ఇదే.

అసలు చిక్కు సంఖ్యలో ఉంది. డీఎన్‌ఏను ముందుగా పెంచకపోతే కాస్12ఎకు సాధారణంగా పికోమోలార్ (గాఢతను కొలిచే చాలా చిన్న ప్రమాణం) స్థాయిలో డీఎన్‌ఏ కావాలి. ఒక్క పికోమోలార్ అంటేనే మైక్రోలీటరుకు సుమారు 6 లక్షల కాపీలు! ఆహార పరీక్షల్లోనేమో చాలా పదార్థాలకు 25 గ్రాముల్లో ఒక్క సాల్మొనెల్లా బ్యాక్టీరియా కూడా కనపడకూడదు. అందుకే 37–42 డిగ్రీల దగ్గర నడిచే ఆర్‌పీఏ అనే డీఎన్‌ఏ కాపీలు తీసే పద్ధతితో ముందు డీఎన్‌ఏను పెంచుతారు. తర్వాత కాస్12ఎ కలపడానికి ఆ ట్యూబు మూత తీస్తే కాపీలు ల్యాబంతా పాకి, తర్వాతి పరీక్షల్లో లేని బ్యాక్టీరియా ఉన్నట్టు చూపిస్తుంది. పోనీ ఆర్‌పీఏ, కాస్12ఎ రెండూ మొదటే ఒకే ట్యూబులో కలిపితే, డీఎన్‌ఏ పెరగకముందే కాస్ దాన్ని నరికేస్తుంది. ఈ గొడవ తీర్చడం మీద ఇప్పుడు చాలా పని జరుగుతోంది.

నా దృష్టిలో ఇంకా పెద్ద ఖాళీ శాంపిల్ దగ్గరే ఉంది. 25 గ్రాముల్లోని నాలుగైదు బ్యాక్టీరియాను కొద్ది మైక్రోలీటర్లలోకి తేవాలి. ఆ దారిలో కొవ్వు, ప్రొటీన్లు రియాక్షన్‌ను ఆపేయకూడదు. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏకూ సిగ్నల్ వస్తుంది, అదో తలనొప్పి. ఇంత అవసరమున్నా ఈ పని మీద విద్యార్థులకు మోజు తక్కువేమో అనిపిస్తుంది. అదే నిజమైతే మీకు పోటీ తక్కువే.

కాబట్టి మాలిక్యులర్ డయాగ్నస్టిక్స్ బలంగా ఉన్న ఎమ్మెస్సీ చూడండి. ఫిజిక్స్ ఇష్టమైతే వెలుగుకు బదులు కరెంటు మార్పును కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ల వైపు కూడా వెళ్లొచ్చు. ప్రైమర్ (కాపీ తీయడం ఎక్కడ మొదలవ్వాలో చూపే డీఎన్‌ఏ ముక్క) డిజైన్, క్యూపీసీఆర్ (డీఎన్‌ఏను పెంచుతూనే లెక్కించే పద్ధతి), డిటెక్షన్ లిమిట్ (పట్టగలిగే అతి తక్కువ మోతాదు) లెక్కకట్టే స్టాటిస్టిక్స్ మాత్రం తప్పనిసరి. రోజువారీ టెస్టింగ్ ల్యాబుల్లో ఇప్పటికీ కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూడటం), పీసీఆర్‌లే ఎక్కువగా నడుస్తాయి కనుక, పరిశోధన కుదరకపోయినా ఈ నైపుణ్యాలు ఉద్యోగానికి పనికొస్తాయి.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మీ సెన్సర్‌ను శుద్ధి చేసిన డీఎన్‌ఏ మీదే పరీక్షించారా, నిజమైన శాంపిళ్ల మీద కూడానా? ఈలోపు డిగ్రీ ప్రాజెక్టుగా, హాని చేయని ఈ.కోలై కే-12ను నీళ్లలో, పాలలో వరుసగా పలుచన చేసి, క్యూపీసీఆర్ ఎంత తక్కువ సంఖ్య దాకా పట్టగలదో రెండింటినీ పోల్చి చూడండి.