నూనె పూర్తిగా మానేసి బరువు తగ్గొచ్చా? నాకు జరిగింది ఇది

రెండు నెలలుగా నూనె, నెయ్యి చుక్క ముట్టకుండా 7 కిలోలు తగ్గానని, ఇలాగే కొనసాగించవచ్చా అని అడిగారు. మూడేళ్ళ క్రితం నేనూ అదే చేశాను. మీరు ఇంకా రెండో నెలలోనే ఉన్నారు కాబట్టి వెంటనే రాస్తున్నాను.

అప్పుడు నా బరువు 78 కిలోలు. పప్పుకి తిరగమోత లేదు, కూరలన్నీ నీళ్ళు చిలకరించి మగ్గబెట్టడమే. పల్లీల పచ్చడి, గుడ్డులో పచ్చసొన, పెరుగు మీద మీగడ కూడా మానేశాను. రాత్రికి ఒక కప్పు సూప్, అంతే. రెండు నెలల్లో 12 కిలోలు తగ్గాను. అందరూ మెచ్చుకుంటుంటే ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. కడుపు మాడ్చుకుంటే రెండు మూడు నెలలకు ఇలా రాలుతుందని తర్వాత తెలిసింది. సరిగ్గా తినడం మొదలుపెట్టాక తిరిగి వచ్చింది.

అసలు దెబ్బ నాలుగో నెలలో తగిలింది. చెల్లెలి ఇంట్లో పులిహోర, బూరెలు తిని వచ్చిన రాత్రి కుడివైపు పక్కటెముకల కింద మెలిపెట్టినట్టు నొప్పి, భుజం దాకా పాకింది. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకున్నాను. మూడోసారి వచ్చాక స్కానింగ్ తీయిస్తే పిత్తాశయం నిండా రాళ్ళు. ఆపరేషన్ చేసి పిత్తాశయమే తీసేయాల్సి వచ్చింది.

సర్జన్ గారు బొమ్మ గీసి మరీ వివరించారు. కాలేయంలో తయారైన పైత్యరసం పిత్తాశయంలో నిల్వ ఉంటుంది. తిన్న కొవ్వు పేగులోకి చేరితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుని రసాన్ని వదులుతుంది. కొవ్వే తినకపోతే ఆ రసం అక్కడే ఉండి చిక్కబడుతుంది. దానికి తోడు ఒళ్ళు వేగంగా కరిగేటప్పుడు కాలేయం ఆ రసంలోకి కొలెస్ట్రాల్ ఎక్కువగా పంపుతుంది. అందుకే వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్ళకు రాళ్ళ ముప్పు ఎక్కువ. లావుగా ఉన్న ఆడవాళ్ళకు ఆ ముప్పు ముందునుంచే ఉంటుంది కాబట్టి నా రాళ్ళకు డైట్ ఒక్కటే కారణమని అనను. కానీ నేనే తొందర చేశానని మాత్రం నా నమ్మకం.

ఇంకో సంగతి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొంచెమైనా కొవ్వు కావాలి. మా బావగారిది వేరే కథ. నూనె మానేసి, ఆకలికి ఆగలేక అన్నం పెంచారు. రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, తగ్గకపోగా పెరిగాయి. మన కంచంలో అన్నమే కొండంత ఉంటుంది, కోత అక్కడ పెట్టాలి.

గ్రాముకి 9 కేలరీలు కాబట్టి నూనె తగ్గించడం మంచిదే, నేనూ తగ్గించాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల భోజనానికి రోజుకి 27 గ్రాముల నూనె, కొవ్వు చెబుతోంది. నలుగురున్న మా ఇంట్లో నెలకి 5 లీటర్ల నూనె అయ్యేది, ఇప్పుడు 3 లీటర్లు. తిరగమోత మళ్ళీ వేస్తున్నాను, పల్లీలు గుప్పెడు తింటున్నాను, అన్నం సగానికి తగ్గించి పప్పు, గుడ్లు పెంచాను. నెలకి కిలో, కిలోన్నర చొప్పున తగ్గాను.

మీరు కూడా ఈ రోజు నుంచే రెండు చెంచాల నూనె వేసుకోండి. తిన్నాక కుడివైపు నొప్పి వస్తే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకుండా కడుపు స్కానింగ్ చేయించుకోండి. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.